కట్ట విప్పని పుస్తకం

34 ఏళ్లు బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్నవాణ్ని. ‘రిటర్న్’ అన్న మాట నాకు కొత్త కాదు. చెక్కు తిరిగొచ్చినా దానికో మర్యాద ఉండేది. చెక్కుకి మెమో గుచ్చి పంపేవాళ్లం. ఎందుకు తిరిగొచ్చిందో అందులో ఉండేది: నిధులు చాలవు, సంతకం కలవలేదు, తేదీ చెల్లిపోయింది, అంకెల్లో ఒకటి అక్షరాల్లో ఒకటి. ఆ మెమో చేతపట్టుకుని పార్టీ కోర్టుకెక్కొచ్చు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద చెక్కు ఇచ్చినవాడికి రెండేళ్ల దాకా జైలు, లేదంటే చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, జడ్జిగారికి కోపమొస్తే రెండూ. ఒక కాగితం ముక్క తిరిగొస్తే ఈ దేశంలో కనీసం ఒక్కడైనా భయపడతాడన్నమాట.

రిటైరయ్యాక కథలు రాశాను. పుస్తకం వేశాను. 216 పేజీల కాగితం తిరిగొచ్చింది. మెమో రాలేదు. ఎవరూ భయపడలేదు. పైగా ఆటోకి డబ్బులు నేనే ఇచ్చాను.

ఆరోజు పొద్దున్నే ఆర్టీసీ పార్శిల్ ఆఫీసు నుంచి ఫోను. “బెజవాడ నించి మీ పేరున బస్తా వచ్చిందండి. టు-పే.” టు-పే అంటే పంపినవాడి ఉత్సాహానికి అందుకున్నవాడు ఖర్చు పెట్టుకోవడం. 150 కట్టి, ఆటోకి 80 ఇచ్చి, గోనెసంచీని గుమ్మంలో దించాను. మా ఆవిడ వచ్చి చూసి, “మళ్లీ బియ్యం తెప్పించారా?” అంది. విప్పి చూసి ఏమీ అనలేదు. ఏదో ఒకటి అంటే బాగుండేది.

సంచీలో ఒక కట్ట, విడిగా మూడు పుస్తకాలు. కట్టని చూడగానే గుర్తుపట్టాను. పురికొస ముడి నాదే. బ్యాంకులో రోజువారీ ఓచర్లు కట్టి కట్టి చేతికి అలవాటైన ముడి: అడ్డం రెండు చుట్లు, నిలువు రెండు చుట్లు, మధ్యలో మెలిక, కొస లోపలికి దోపుడు. ఆ ముడి ఇంకెవరూ వెయ్యరు, వేసినా కొస లోపలికి దోపరు. పైన చుట్టిన దినపత్రిక 14 నెలల కిందటిది. స్కెచ్ పెన్నుతో నేను రాసిన ‘20’ అంకె, కింద గీత, పక్కన పొట్టి సంతకం, అన్నీ యథాతథంగా ఉన్నాయి. కొత్తగా చేరినవి ఒకటే, టీ గ్లాసు అడుగు మరకలు. గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి, మొత్తం ఏడు. నా సాహిత్యం 14 నెలలపాటు బెజవాడలో టీపాయిగా సేవలందించింది. ఆ మాత్రం ఉపయోగానికైనా వచ్చినందుకు సంతోషించాలని మా తమ్ముడు అన్నాడు. వాడు ఇంజనీరు.

ఇక లెక్క. అమ్మకానికిచ్చిన షాపువాళ్లు సంచీలో ఒక చీటీ పెట్టారు. దాని మీద పుస్తకం పేరు దగ్గర ‘బ్యాంకాయన బుక్కు’ అని రాసి ఉంది. నా పుస్తకానికి ఐఎస్‌బీఎన్ ఉంది. రాజా రామ్మోహన్ రాయ్ పేరున్న కేంద్రప్రభుత్వ సంస్థ పైసా తీసుకోకుండా ఇచ్చిన నంబరు, 13 అంకెలు, ఆధార్ కన్నా ఒకటెక్కువ. ప్రపంచంలో ఏ మూలనున్నా నా పుస్తకాన్ని ఇంకో పుస్తకంగా పొరబడే వీల్లేదట. ఏలూరు రోడ్డులోనో ఇంకో రోడ్డులోనో ఒక కౌంటర్ దాటేసరికి ఆ 13 అంకెలూ కలిసి ‘బ్యాంకాయన’ అయ్యాయి.

సరే, చీటీ. పంపినవి 30. అమ్మినవి 9. వాపసు 23.

మరోసారి చదవండి. నేను ఏడుసార్లు చదివాను, మరకకి ఒకసారి చొప్పున. 9కి 23 కలిపితే 32. పంపింది 30. ఎవరైనా కథకుడైతే ‘పోనీలే, రెండు ఎక్కువే వచ్చాయి’ అని అటకెక్కించేవాడు. బ్యాంకులో పనిచేసినవాడు అలా నిద్రపోలేడు. మా బ్రాంచిలో రూపాయి తగ్గినా, రూపాయి ఎక్కువైనా రాత్రి తొమ్మిదిదాకా ఎవరినీ కదలనిచ్చేవాళ్లు కాదు. ఎక్కువ రావడమే ఎక్కువ అనుమానం. ఆ తేడాని పడేసే ఖాతా పేరు సస్పెన్స్ అకౌంట్. నా కథల పుస్తకం పేరు కూడా అదే, ‘సస్పెన్స్ అకౌంట్’. ఆ పేరు పెట్టినందుకు షాపువాళ్లు దాన్ని తీసుకెళ్లి డిటెక్టివ్ నవలల పక్కన పెట్టారని తర్వాత తెలిసింది. ఒక పాఠకుడు ఫోన్ చేశాడు కూడా. “సార్, 150 పేజీలు చదివాను. ఇంకా హత్య జరగలేదు.”

విడిగా వచ్చిన మూడింటినీ తీసి చూశాను. ఒకటి షోకి పెట్టిన కాపీ. మూలలు కుక్కచెవుల్లా మడతపడి, అట్ట మీద లామినేషన్ పొర లేచి, ధర దగ్గర ఒకదాని మీద ఒకటి రెండు స్టిక్కర్లు అంటించి పీకిన జిగురుతో ఉంది. పాపం పనిచేసిన పుస్తకం. మిగతా రెండూ కొత్తగా నిగనిగలాడుతున్నాయి. ఒకటి తెరిచాను. మొదటి పేజీలో నా చేతిరాత: ‘ఆవిష్కరణ సభను అలంకరించిన పెద్దలు, సాహితీ దిగ్గజం శ్రీ ...గారికి, భక్తిపూర్వకంగా.’ పేరు నేను చెప్పను, ఆయన ఇంకా సభలు అలంకరిస్తున్నారు. ఆ రోజు నా పుస్తకం మీద ఆయన 40 నిమిషాలు మాట్లాడారు. అందులో 30 నిమిషాలు ఆయన పుస్తకం గురించి, తొమ్మిది నిమిషాలు తెలుగు భాష చచ్చిపోతోందని. పేజీ తిప్పేసరికి వెన్ను దగ్గర ‘టక్’మని శబ్దం. పర్ఫెక్ట్ బైండింగు జిగురు మొదటిసారి విరిగితే వచ్చే శబ్దం అది. అంతకుముందు ఆ పుస్తకాన్ని మనిషన్నవాడెవడూ తెరవలేదని అంతకన్నా రుజువు అక్కర్లేదు.

షాపుకి ఫోన్ చేశాను. ఎత్తినవాడు కుర్రాడు, మర్యాదస్తుడు. ఈ వ్యాపారంలో మర్యాదకి మాత్రం కొరత లేదు.

“నమస్తే సార్. రిటర్న్స్ అందాయా అండి?”

“అందాయి బాబూ. రెండు ఎక్కువొచ్చాయి.”

“ఆ, అదాండి. ఎవరో పెద్దాయన తెచ్చారండి. ఇవి రెండు తీసుకుని పంచాంగం ఇమ్మన్నారు. మేం పాతవి తీసుకోం సార్, కానీ పెద్దాయన కదా అని... మీవే కదా, మీకే పంపేశామండి.”

పాత పుస్తకాలకి లెనిన్ సెంటర్ ఉంది. ఆ దిగ్గజం అంతదూరం నడవలేక కొత్త పుస్తకాల షాపులోనే బేరం పెట్టాడన్నమాట. ఆయన భక్తిపూర్వకం విలువ అర పంచాంగం.

“సరే. మరి 20 పుస్తకాల కట్ట విప్పకుండానే వచ్చిందేమిటి నాయనా?”

“అది స్టాకండి. ర్యాకులోవి అయిపోతే అప్పుడు విప్పుతామండి.”

“ర్యాకులో పది పెట్టారు. తొమ్మిది అయిపోయాయి కదా?”

“పదోది అవలేదు కదండీ.”

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. రిజర్వు బ్యాంకు సర్క్యులర్లు చదివి అర్థం చేసుకున్న బుర్ర ఇది. ఆ తర్కం ముందు నోరు పెగల్లేదు. పదోది షో కాపీ. నలిగిపోయింది. నలిగిన పుస్తకం ఎవరూ కొనరు. అది అమ్ముడయ్యేదాకా కట్ట విప్పరు. కట్ట విప్పేదాకా కొత్త పుస్తకం బయటికి రాదు. బయటికి రాని పుస్తకం అమ్ముడుకాదు. అమ్ముడుకాని పుస్తకం వాపసు.

“అయినా మీ బుక్కుకి మూవ్‌మెంట్ లేదు సార్,” అన్నాడు కుర్రాడు, ఓదారుస్తున్నట్టు.

బయటపెట్టిన పదింటిలో తొమ్మిది కదిలాయి. కాళ్లూ చేతులూ కట్టేసిన ఇరవయ్యీ కదల్లేదు. దీనికి వ్యాపార పరిభాషలో మూవ్‌మెంట్ లేకపోవడం అని పేరు. మధ్యలో గుంటూరు నుంచి మా స్నేహితుడి కొడుకు పనిమీద వెళ్లి నా పుస్తకం అడిగితే ‘అవుటాఫ్ స్టాకండీ’ అన్నారట. అన్నవాడి టీ గ్లాసు అప్పుడు దేని మీద ఉందో నాకు తెలుసు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, సిగ్గు ఎందుకు. వెల 200. తొమ్మిదికి 1800. షాపు కమిషన్ 40 శాతం, 720. నాకు 1080. అందులో ప్యాకింగు, హమాలీ, బస్టాండుకి ఆటో కలిపి 220 కోసి 860 చూపించారు. విప్పని కట్టకి ప్యాకింగు ఖర్చు ఏమిటని అడగాలనుకుని మానేశాను, గోనెసంచీ కొత్తదే. ఒక్కో పుస్తకం అచ్చుకి నాకు 80 పడింది, తొమ్మిదికి 720. మొదట పంపినప్పుడు పార్శిల్ 150. తిరిగొచ్చినప్పుడు 230. కూడి తీసేస్తే 240 నష్టం. నా తొమ్మిదిమంది పాఠకులకీ తలా 27 రూపాయలు ఎదురిచ్చి చదివించానన్నమాట. హత్య జరగలేదని ఫోన్ చేసినవాడికి కూడా.

అయినా నాకు షాపు మీద కోపం లేదని చెప్పడానికి ప్రయత్నిస్తాను. 40 శాతం దోపిడీ అని రచయితలు సభల్లో అంటుంటారు. నేను అనను. అద్దె ఉంది, కరెంటు ఉంది, కుర్రాడి జీతం ఉంది. పుస్తకాల షాపు మూసేసి చెప్పుల షాపు తెరిస్తే అంతకన్నా మిగులుతుంది. తెరిచినవాళ్లని చూశాం కూడా. నా గొడవ శాతంతో కాదు, ముడితో. 40 శాతం దేనికి? ముడి విప్పడానికి. పుస్తకాన్ని ర్యాకులో వెన్ను కనిపించేట్టు నిలబెట్టడానికి. అడిగినవాడికి ‘ఉందండీ’ అనడానికి. ఈ మూడూ చెయ్యకుండా అమ్మితే కమిషను, అమ్మకపోతే వాపసు అంటే అది పుస్తకాల షాపు కాదు, క్లోక్‌రూము. రైల్వే స్టేషన్ క్లోక్‌రూములో అయితే రసీదు ఇస్తారు, సామాను మీద టీ గ్లాసు పెట్టరు.

ఆ షాపు గోడమీద ఒక బోర్డుంది. ఎర్ర అక్షరాలు. ‘ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు.’ కొనుక్కున్నవాడు 20 పేజీలు తక్కువొచ్చాయని మొత్తుకున్నా ఆ బోర్డు చూపిస్తారు. అదే కౌంటరుకి ఇటువైపు నిలబడ్డ రచయితకి మాత్రం అమ్మని సరుకు వాపసు ఇవ్వబడును, రవాణా మీదే. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత పుట్టినప్పుడు కౌంటరుకి రెండువైపులా బోర్డులు లేవనుకుంటాను.

ఈ వాపసు పద్ధతి మనది కాదు. 1930ల మాంద్యంలో అమెరికా ప్రచురణకర్తలు మొదలుపెట్టారు. షాపులవాళ్లు కొత్త పుస్తకం తెప్పించుకోవడానికి భయపడుతుంటే, ‘తీసుకోండి, అమ్ముడుపోకపోతే వెనక్కి పంపండి, నష్టం మాది’ అన్నారు. అనగలిగారు, ఎందుకంటే అనడానికి అక్కడ కంపెనీలున్నాయి. మాంద్యం పోయింది, అలవాటు పోలేదు. చవక పేపర్‌బ్యాకులకైతే అక్కడ పుస్తకం మొత్తం వెనక్కి పంపరు. రవాణా దండగ. ముందు అట్ట చించి అది పంపితే చాలు, మిగతా ఒళ్లు అక్కడే తుక్కు. అందుకే కొన్ని పుస్తకాల లోపల ‘అట్ట లేకుండా ఈ పుస్తకం కొన్నట్లయితే ఇది దొంగసొత్తు అని గ్రహించండి’ అని అచ్చేస్తారు. సొంతంగా పుస్తకం వేసుకునే రచయితని అక్కడి పంపిణీ కంపెనీ ముందే అడిగి రాయించుకుంటుంది: వాపసుకి ఒప్పుకుంటారా, ఒప్పుకుంటే అమ్ముడుకానివి మీకు పంపాలా, నాశనం చెయ్యాలా? కసాయి ప్రశ్నే. కానీ ప్రశ్న. అడుగుతారు.

మనం ఆ దేశం నుంచి వాపసు ఒక్కటే దిగుమతి చేసుకున్నాం, ప్రచురణకర్తని కస్టమ్స్‌లో వదిలేశాం. ఇక్కడ నష్టం మాది అనాల్సిన ఆ కంపెనీ ఎవరు? నా పుస్తకం నాలుగో పేజీ చూడండి. ‘ప్రచురణ’ అన్నచోట మా మనవరాలి పేరు, పక్కన ‘పబ్లికేషన్స్’. ఆ సంస్థ ఛైర్‌పర్సన్ యూకేజీ. హెడ్డాఫీసు మా హాలు, గోడౌను మంచం కింద, రవాణా విభాగం నా స్కూటర్ ముందు భాగం. కింద ‘ప్రతులకు: రచయిత మరియు అన్ని ప్రముఖ పుస్తక కేంద్రాలు’. తెలుగులో ఇంత ధీమాగా అచ్చయ్యే అబద్ధం ఇంకొకటి లేదు. దాదాపు అందరు రచయితలూ రాస్తారు. అచ్చయింది 500 ప్రతులు. రెండు రాష్ట్రాల్లో పుస్తకాల షాపులన్నిటికీ రెండేసి పంచినా మిగులుతాయేమో.

ఆ 500 ప్రతులకీ నేను పెట్టింది 40 వేలు, గ్రాట్యుటీలోంచి. డీటీపీ అమ్మాయికి పేజీల లెక్కన చెల్లించాను. అట్ట వేసినాయనకి బొమ్మ చూడకముందే చెల్లించాను. ప్రెస్సువాళ్లు సగం అడ్వాన్సు, మిగతా సగం బండి ఎక్కించేముందు. పుస్తకం మీద జీఎస్టీ సున్నా అని ప్రభుత్వం గొప్పగా చెప్పుకుంటుంది. కాగితం మీద మాత్రం ఉంది, అది బిల్లులో కలిసిపోయి నా నెత్తికే వచ్చింది. సభ జరిగిన హాలు, వెనక ఫ్లెక్సీ, మైకు, ఫొటోలాయన, ఉప్మా, టీ, అన్నిటికీ అక్కడికక్కడే డబ్బు. వీళ్లలో ఒక్కరైనా ‘పుస్తకం అమ్ముడయ్యాక ఇద్దురులెండి’ అన్నారా? శాలువాలు ఎనిమిది కొన్నాను. ఏడుగురే వచ్చారు. ఎనిమిదోది మడత విప్పకుండా పట్టుకెళ్లి వాపసు తీసుకోమంటే బట్టల షాపాయన నన్ను ఎగాదిగా చూసి, “మీరు ఏం చేస్తుంటారండీ?” అన్నాడు. రచయితనన్నాను. జాలిపడ్డాడు. శాలువా మాత్రం తీసుకోలేదు. దాన్నే ఇప్పుడు తిరిగొచ్చిన కట్టల మీద దుమ్ము పడకుండా కప్పాను. మొత్తానికి సన్మానం జరగాల్సినవాళ్లకే జరిగింది.

షాపు దండగ, గ్రంథాలయాలు లేవా అంటారు. ఉన్నాయి. 1960లో చట్టమే చేశారు. ఇంటిపన్ను కట్టినప్పుడల్లా రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మీరూ కడుతున్నారు, రసీదు తిరగేసి చూడండి. ఆ పైసలు మున్సిపాలిటీ గుమ్మం దాటి గ్రంథాలయ సంస్థ ఖాతాలో పడటం లేదన్న బకాయిల వార్తలు ఏటా చదువుతూనే ఉంటాం. ఆ రాబడి నమ్ముకుని పుస్తకం వేసేవాడు ఎండమావికి మోటారు బిగించినట్టే.

నేరుగా పాఠకుడికే పంపుదామనుకున్నాను. అందుకు రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ అని ఒక చల్లటి తల్లి ఉండేది. పుస్తకాలకి ప్రత్యేకంగా, చవగ్గా. 2024 డిసెంబరులో ఉన్నట్టుండి దాన్ని తీసేశారు. నెలల తరబడి, 200 రూపాయల పుస్తకానికి పోస్టేజీ చెప్తే అడిగినవాళ్లు మర్యాదగా ఫోను పెట్టేశారు. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోలైతే 100. మంచిదే, ఇది నిలబడితే చాలు. విద్యా, సామాజిక, సాంస్కృతిక, మత విషయాల పుస్తకాలకి ఇది వర్తిస్తుందట. కౌంటర్లో అమ్మాయి నా పుస్తకం తిరగేసి, “ఇది ఏ కేటగిరీ అంకుల్? సస్పెన్సా?” అంది. సామాజికం అన్నాను. నమ్మలేదు కానీ స్టాంపు గుద్దింది.

ఇక పుస్తకాల పండగ. జనవరి వచ్చిందంటే బెజవాడ అంతా పుస్తకప్రియులే. స్వరాజ్ మైదానంలో జరిగే రోజుల నుంచీ వెళ్తున్నాను. దుమ్ము, మిరపకాయ బజ్జీలు, మైకులో ఎవరిదో ఆవిష్కరణ. అక్కడ ఒక స్టాలు మూల గజం బల్లకోసం ఇంకో ముగ్గురు రచయితలతో కలిసి అద్దె పంచుకున్నాను. వచ్చినవాళ్లలో చాలామంది పుస్తకం ఎత్తి, వెనకట్ట చదివి, నా ఫొటో చూసి, నన్ను చూసి, మళ్లీ ఫొటో చూసి, పుస్తకం దించేశారు. ఫొటో మార్చాలనుకున్నాను. అయినా అక్కడ 31 అమ్ముడయ్యాయి. ఎందుకో తెలుసా? కట్ట విప్పాను. అంతే. ఇంకే కిటుకూ లేదు.

అందుకని నేనొక రిటర్న్ మెమో ముసాయిదా తయారుచేశాను. చెక్కు మెమో నమూనాలోనే, కారణం ఎదురుగా టిక్కు పెడితే చాలు. కట్ట విప్పలేదు. విప్పాం కానీ ఆ ర్యాకు వాస్తు పుస్తకాలకి ఇచ్చేశాం. అడిగినవాడికి లేదన్నాం, ఉన్నట్టు తర్వాత తెలిసింది. పిల్లల పుస్తకాల్లో కలిసిపోయింది, పిల్లలు రంగులు వేశారు. సంచీలో చోటుందని ఎదుటి రచయితవి కూడా మీకే పంపాం. రచయిత ఇంకా బతికే ఉన్నారు. చివరిది నవ్వులాట కాదు. ‘అది నిలకడగా పోవాలంటే టైము పడుతుందండీ’ అని ఒక షాపు యజమాని నాతో అన్నప్పుడు, ఏ టైమో నాకు అర్థమైంది. ఈ ముసాయిదా అచ్చేసి షాపులకి ఉచితంగా పంచుదామనుకున్నాను. ప్రెస్సువాళ్లు సగం అడ్వాన్సు అడిగారు.

రెండో కొత్త పుస్తకం గురించి చెప్పలేదు కదా. పంచాంగం బేరంలో వచ్చిన రెండోది. దిగ్గజంతోబాటు ఎవరిదో ఇంకొకరి కాపీ కూడా ఎలా వచ్చిందా అని తెరిచాను. ‘తోటి కథకుడు, ఆత్మీయుడు...’ అని ఉంది. మా ఊరివాడే. ప్రతి ఆదివారం కలిసి నడుస్తాం. నా పుస్తకం గురించి రెండుసార్లు మెచ్చుకున్నాడు కూడా, భాష బాగుందన్నాడు. చదవకుండా చెప్పగల మాట అదొక్కటే కదా. వాడు దిగ్గజానికి చదివిపెట్టమని ఇచ్చాడో, దిగ్గజం వాడింట్లోంచి తెచ్చుకున్నాడో. కోపంతో కాళ్లూ చేతులూ ఆడలేదు. వాణ్ని నిలదీయాలనే, ముందు వాడు నాకిచ్చిన కథల పుస్తకం ఎక్కడుందా అని అలమారా వెతికాను. కింది అరలో, టెలిఫోన్ డైరెక్టరీల వెనక దొరికింది. ‘అన్నయ్యగారికి, మీ అభిప్రాయం కోసం ఎదురుచూస్తూ’ అని రాశాడు. ఆరేళ్ల కిందటి తేదీ. తెరిచాను.

టక్.

ఈ ఆదివారం నడకలో పుస్తకాల మాట ఇద్దరం ఎత్తలేదు.

నెల తర్వాత మళ్లీ ఆ షాపు కుర్రాడే ఫోన్ చేశాడు. “సార్, మీ బుక్కు ఎవరో అడుగుతున్నారండి. ఒక 20 పంపుతారా? పాత లెక్క సెటిలైపోయింది కదండీ.”

“వాళ్లనే నెల కిందట అడగమనాల్సింది నాయనా.”

“అడిగారండి. లేవన్నాం.”

నేనేమీ అనలేదు. అటక మీద శాలువా తీసి కట్ట దించాను. అదే కట్ట. అదే ముడి, అవే ఏడు మరకలు. “పంపుతాను కానీ ఒక్క కోరిక. ఈసారి కట్ట విప్పుతారా?” అన్నాను.

“తప్పకుండా సార్. అసలు అప్పుడే విప్పేవాళ్లమండి, మీ ముడి చాలా గట్టిది. షాపులో కత్తెర కూడా పోయింది.”

బజారుకెళ్లి మంచి కత్తెర కొన్నాను. పురికొస కింద దోపాను. చలానాలో శుభ్రంగా రాశాను: ‘పుస్తకాలు 20. కత్తెర 1, అమ్మకానికి కాదు.’ తొందరలో దాని మీదున్న ధర స్టిక్కరు పీకడం మాత్రం మర్చిపోయాను.

మొన్న లెక్క వచ్చింది. పుస్తకాలు: మూవ్‌మెంట్ లేదు. కత్తెర: అమ్మినవి 1. వెల 60, కమిషన్ 40 శాతం పోను 36.